సముద్రం పక్క చిన్న పెరట్లో వాసనొచ్చే పింక్ గులాబీ కావాలంటే ఏ మొక్క తెచ్చుకోవాలి

భీమిలి రోడ్డులో గానీ కాకినాడలో గానీ బాపట్ల వైపు గానీ సముద్రానికి దగ్గర్లో ఇల్లున్నవాళ్లని గులాబీ గురించి అడగండి, ఎక్కువ మంది చెప్పేది రెండే మాటలు, "మా దగ్గర గులాబీ బతకదండీ" అని ఒకటి, "పూస్తుంది గానీ వాసనే ఉండదండీ" అని రెండోది. రెండూ నిజమే. కాకపోతే తప్పంతా సముద్రం మీదకి తోసేస్తారు గానీ, నర్సరీకెళ్లి పువ్వు ఎంత పెద్దగా ఉందో చూసి మొక్క కొనుక్కోవడం సగం కారణం. నేనిక్కడ రాసేది ఫలానా కోరిక ఉన్నవాళ్ల కోసం. రంగు పింకే కావాలి, పొద్దున్నే పక్కకెళ్తే వాసన గుప్పుమనాలి, పొదలా గుబురుగా పెరగాలి, జాగా చూస్తే రెండు మూడు మొక్కలకి మించి లేదు. రెండు మొక్కలే పెట్టుకునేవాళ్లకి ఎంపిక చాలా ముఖ్యం, ఎందుకంటే ఒకటి తేడా కొడితే సగం తోట పోయినట్టే.

నా ఓటు ఎడ్వర్డ్ గులాబీకి, ముందే చెప్పేస్తున్నా. మిగతావి ఎందుకు కాదో, ఎప్పుడు అవునో కూడా చెప్తాను, ఎందుకంటే అందరి ఇల్లూ ఒకలా ఉండదు, బీచ్ రోడ్డు మీద మొదటి వరసలో ఉన్న ఇంటికీ రెండు మూడు వీధులు లోపలున్న ఇంటికీ చాలా తేడా.

అసలు సముద్రం గులాబీకి చేసే హాని ఏంటో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది కదా, దాంతో పాటు కంటికి కనపడని ఉప్పు నీటి తుంపర వచ్చి ఆకుల మీద పడి ఆరిపోతుంది. నాలుగు రోజులు గట్టిగా గాలి వీచాక ఒక ఆకు కోసి చూడండి, మధ్యలో పచ్చగానే ఉంటుంది, అంచు చుట్టూ మాత్రం సన్నగా గోధుమరంగు గీత కాలినట్టు ఉంటుంది, వేలితో రాస్తే ఆ అంచు పెళుసుగా విరిగిపోతుంది. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు, అది ఉప్పు. రెండోది వేళ్ల దగ్గర ఉప్పు, బోరు నీళ్లతో వచ్చేది, ఇది పై ఉప్పు కంటే ప్రమాదం, ఎందుకంటే కొత్త మొక్క నెలల తరబడి నెమ్మదిగా చిక్కిపోతుంది తప్ప కారణం బయటికి కనపడదు. మూడోది తేమ, విశాఖ లాంటి చోట జులై నుంచి అక్టోబరు దాకా ఆకు ఆరే సందే ఉండదు, నల్లమచ్చ తెగులుకి అంతకంటే ఏం కావాలి. నాలుగోది ఇసుక నేల, నీళ్లు పోస్తే నిలవదు, ఎరువు వేస్తే కొట్టుకుపోతుంది. ఇక వాసన సంగతి చూస్తే, గులాబీ వాసన రేకుల్లో ఉండే నూనెలది, ఎండా గాలీ పెరిగేకొద్దీ అవి ఎగిరిపోతాయి, అందుకే ఎంత మంచి రకమైనా గాలి నేరుగా తగిలే చోట మధ్యాహ్నం ముక్కు పెట్టి చూస్తే ఏమీ తెలియదు, అదే మొక్క పొద్దున ఆరింటికి వేరేలా ఉంటుంది.

ఇప్పుడు మొక్కల సంగతి.

గులాబీ వాసన అనగానే ముందుగా గుర్తొచ్చేది డమాస్క్. అత్తరు, పన్నీరు, గుల్కంద్ అన్నిటికీ మూలం అదే, కన్నౌజ్‌లో అత్తరు తీసేది దాంతోనే, హాథ్రస్ దగ్గరా రాజస్థాన్‌లో పుష్కర్ దగ్గరా పొలాలకి పొలాలు పండిస్తారు, ఒక కిలో నూనె రావాలంటే 3 వేల కిలోల పూల పైనే కావాలి. వాసనలో దీన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కాని దీనికి చలి కావాలి. ఉత్తరాదిన చలికాలం అంతా ముడుచుకుని ఉండి మార్చి, ఏప్రిల్‌లో ఒక్కసారి విరగబూస్తుంది, తర్వాత మళ్లీ ఏడాది ఆగాలి. మన తీరంలో జనవరిలో కూడా రాత్రి చలి దానికి చాలదు, ఆకులు బాగానే వేస్తుంది, కొమ్మలు పొడుగ్గా పోతాయి, మొగ్గలే రావు. పెద్ద స్థలం ఉండి సరదాకి పెట్టుకుంటే వేరే సంగతి, రెండు మొక్కల జాగాలో ఒకటి దీనికి ఇవ్వడం దండగ.

ఇంటర్నెట్‌లో "సముద్ర తీరానికి గులాబీ" అని వెతికితే అందరూ చెప్పేది రుగోసా. జపాన్, కొరియా తీరాల్లో ఇసుక దిబ్బల మీద దానంతటదే పెరిగే మొక్క, ఉప్పు గాలి దానికి లెక్కే కాదు, ముడతలు ముడతలుగా దళసరి ఆకు, మంచి లవంగం లాంటి వాసన, గులాబీరంగు పువ్వు, పువ్వు రాలాక చిన్న టమాటా అంత ఎర్రటి కాయ. చదివితే ఎవరికైనా నోరూరుతుంది. కాని అది చలిదేశపు తీరం మొక్క, మంచు పడి ఆకులు రాల్చి పడుకోవడం దాని జీవితంలో భాగం, మన మే నెల ఉక్కలో అది నిలవదు. న్యూజెర్సీ తీరంలో ఇల్లున్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం మీకు మొదటి ఎంపిక ఇదే, ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఒక్కటి చూసుకోండి, వేరు నుంచి పిలకలు వేసి పాకుతుంది, డెన్మార్క్ లాంటి చోట్ల తీరం దిబ్బలన్నీ ఆక్రమించేసి అక్కడి మొక్కల్ని బతకనివ్వట్లేదని పీకించేస్తున్నారు, కాబట్టి మీ ఊళ్లో దాన్ని నాటొచ్చో లేదో కనుక్కుని కంచె లోపల అదుపులో పెట్టుకోండి.

తర్వాత ఇంగ్లీష్ గులాబీలు, ఇంగ్లండ్‌లో డేవిడ్ ఆస్టిన్ అనే ఆయన తయారుచేసిన రకాలు. ఈ మధ్య ఆన్‌లైన్‌లో మన దగ్గరా దొరుకుతున్నాయి, ఫోటోలు చూస్తే ఎవరైనా ఆగరు. పింక్‌లో వాసనకి పేరున్నది గెర్ట్రూడ్ జెకిల్, 1986లో వచ్చింది, పాత గులాబీల వాసన అంటే ఇదీ అన్నట్టుంటుంది. దీని చిక్కు ఏంటంటే మన వేడికి పువ్వు విప్పుకున్న రోజే వాడిపోతుంది, వంద రేకుల పువ్వు తేమలో తడిసి సగం విచ్చుకుని అలాగే కుళ్లిపోవడం కూడా ఉంది. 2007లో వచ్చిన ప్రిన్సెస్ అలెగ్జాండ్రా ఆఫ్ కెంట్ వేడికి ఇంకాస్త ఓర్చుకుంటుంది, పెద్ద పువ్వు, వాసనా బాగుంటుంది. మీ ఇల్లు సముద్రానికి కాస్త లోపలుండి, మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోటుండి, మంచి నీళ్లుండి, రోజూ మొక్కని పట్టించుకునే ఓపిక ఉంటే కుండీలో ఒకటి పెట్టుకోండి, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూడు నెలలు మీ మనసు నింపేస్తుంది, మిగతా తొమ్మిది నెలలు మాత్రం మీరే దానికి సేవ చేయాలి. పైగా ఆన్‌లైన్‌లో ఆ పేరుతో వచ్చేది ఆ మొక్కేనా అన్నది పువ్వు పూసేదాకా తేలదు.

హైబ్రిడ్ టీలు, నర్సరీలో ముందు వరసలో నిలబెట్టి ఉండేవి, పొడుగు కాడ మీద ఒక్క పెద్ద పువ్వు. వీటిలో కూడా వాసన ఉన్న పింక్‌లు లేకపోలేదు, ఈఫిల్ టవర్ అని 1963 నాటి రకం ఉంది, పొడుగు మొగ్గ, చక్కటి వాసన. కాని వీటిది పొద రూపం కాదు, నిటారుగా కర్రల్లా నాలుగు కొమ్మలు, గాలికి ఊగి ఊగి అంటు దగ్గర చీలిపోతాయి, నల్లమచ్చకి ముందు ఆకు రాల్చేది కూడా ఇవే. క్వీన్ ఎలిజబెత్ దీనికి రివర్స్, 1954 రకం, మొక్క చాలా గట్టిది, తీరంలో కూడా ఏపుగా పెరిగి గుత్తులుగా పింక్ పూస్తుంది, వాసన మాత్రం పేరుకే. చూడ్డానికి చాలనుకుంటే మంచి మొక్కే. బటన్ రోజ్ కూడా అంతే, ఏడాదంతా పూస్తుంది, ముక్కుకి ఏమీ అందదు. అమెరికాలో 2000 ప్రాంతం నుంచి ఎక్కడ చూసినా కనపడే నాకౌట్ గులాబీలు తెగుళ్లకి తట్టుకోవడంలో గొప్పవి, వాసన అడక్కండి. ఈ మూడూ వాసన కోసం వెతికేవాళ్ల లిస్టులో ఉండకూడదు, ఎవరు ఎంత చెప్పినా.

ఇక ఎడ్వర్డ్. దీని పుట్టుక తెలిసినప్పటి నుంచీ నాకు ఈ మొక్క మీద గౌరవం ఇంకా పెరిగింది. మడగాస్కర్‌కి తూర్పున రీయూనియన్ అనే చిన్న దీవి ఉంది, అప్పట్లో బోర్బన్ దీవి అనేవాళ్లు, మన హిందూ మహాసముద్రంలోనే. అక్కడ పొలాలకి కంచెగా గులాబీలు వేసేవాళ్లట, ఒకటి చైనా నుంచి వచ్చిన ఓల్డ్ బ్లష్, ఇది ఏడాదంతా పూసే రకం, రెండోది ఆటమ్ డమాస్క్, వాసన రకం. ఆ రెండూ కలిసి వాటంతటవే పుట్టిన మొక్కని 1817 ప్రాంతంలో బ్రేయాన్ అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త చూసి దాని విత్తనాలు ప్యారిస్‌కి పంపాడని గులాబీ చరిత్రలో చెప్తారు, బోర్బన్ గులాబీలన్నిటికీ మొదలు అక్కడే. అంటే వేడి, తేమ, నాలుగువైపులా సముద్రం ఉన్న చోట పుట్టిన మొక్క ఇది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వాసన, ఇంకొకరి నుంచి మళ్లీ మళ్లీ పూసే గుణం తీసుకుంది, డమాస్క్‌కి కావాల్సిన చలి దీనికి అక్కర్లేదు. తమిళనాడులో విడిపూల కోసం పొలాల్లో వేసే గులాబీల్లో ఇదొకటి, రెండోది ఎర్రటి ఆంధ్రా రెడ్. ఉత్తరాదిన వేరే గులాబీలకి రూట్‌స్టాక్‌గా, అంటే అంటు కట్టేటప్పుడు కింద వేరు మొక్కగా కూడా వాడతారు, అంత గట్టి వేరు.

పువ్వు రెండు మూడు అంగుళాలే ఉంటుంది, ముదురు పింక్, గుత్తికి నాలుగైదు. పొద్దున విచ్చితే మర్నాటికి రేకులు రాలడం మొదలు, ఫ్లవర్ వాజ్‌కి పనికిరాదు, దేవుడికీ తల్లోకీ గుల్కంద్‌కీ మాత్రం దీనికి సాటి లేదు. ముళ్లు బాగా ఉంటాయి, నడిచే దారి పక్కన పెట్టొద్దు. వదిలేస్తే ఐదారు అడుగులు పోతుంది. నల్లమచ్చ దీనికీ వస్తుంది, రాదని చెప్పను, వానాకాలంలో కింద ఆకులన్నీ రాల్చేసి బోసిగా నిలబడుతుంది, కాని వాన తగ్గాక చిగురు పెట్టి నెలన్నరలో మళ్లీ మొగ్గకొస్తుంది, ఆ కోలుకునే గుణమే తీరంలో అసలు కావాల్సింది.

ఇంకో పెద్ద లాభం, కొమ్మ నాటితే వేరు పట్టేస్తుంది. దీనికి ఎందుకింత ప్రాముఖ్యం ఇస్తున్నానంటే, అంటు మొక్కకి తుఫాను గాలికో ఎండు తెగులుకో పైభాగం పోతే కింద నుంచి వచ్చేది రూట్‌స్టాక్ తాలూకు అడవి కొమ్మ, దాన్ని ఎన్నాళ్లు పెంచినా మీరు కొన్న పువ్వు పూయదు. సొంత వేరు మీదున్న మొక్క నేల మట్టానికి విరిగినా అదే గులాబీ మళ్లీ లేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చెట్లు ఏ గతి పట్టాయో అందరం చూశాం, అలాంటి తీరంలో ఉండేవాళ్లం మొక్క కొనేటప్పుడు ఇది చూసుకోవాలి.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. ముందు మీ నీళ్లు. వాటర్ ఫిల్టర్ బాగుచేసే అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటర్ ఉంటుంది, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపిస్తుంది, బోరు నీళ్లలో పెట్టించండి, 500 లోపు ఉంటే నిశ్చింతగా ఏదైనా పెట్టుకోవచ్చు, 1000 దాటితే ఇంగ్లీష్ గులాబీల ఆశ వదిలేసుకోండి, ఎడ్వర్డ్‌కి కూడా మున్సిపాలిటీ నీళ్లో వాన నీళ్లో చూడండి. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, ఒక కుండీకి వేసవంతా సరిపోతాయి. ఆర్వో వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం గులాబీకి పోయొద్దు, వృథా ఎందుకని చాలామంది మొక్కలకి పోస్తారు, బోరులో ఉన్న ఉప్పంతా చిక్కబడి ఉండేది ఆ నీళ్లలోనే.

తర్వాత గాలి. బీచ్‌కి ఎదురుగా మొదటి వరసలో ఉంటే ఎడ్వర్డ్ తప్ప వేరే ఆలోచన వద్దు, దాన్ని కూడా ఇంటికి సముద్రం లేని వైపు పెట్టండి. అడ్డంగా ఎత్తు గోడ కట్టేస్తే గాలి ఆగుతుందనుకుంటాం, గోడ దాటిన గాలి సుడి తిరిగి లోపలే పడుతుంది, దానికంటే సగం గాలి పోనిచ్చే గ్రీన్ నెట్ గానీ మొక్కల వరస గానీ నయం. గన్నేరు ఉప్పు గాలికి బాగా ఓర్చుకుంటుంది, విషం మొక్క కనక పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు. పొద్దుటి ఎండ ఐదారు గంటలు పడాలి, మధ్యాహ్నం రెండు తర్వాత నీడ వస్తే మంచిదే. కుదిరితే పడగ్గది కిటికీకో వరండాలో మీరు కాఫీ తాగే చోటుకో దగ్గరగా పెట్టుకోండి, వాసన గులాబీ పెంచి పెరటి చివర పెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాని పని.

నేలా కుండీయా అంటే, నీళ్లు బాగుండి నేల మరీ ఇసుక కాకపోతే నేలే. రెండడుగుల గుంత తీసి, ఇసుకలో సగానికి చెరువు మట్టీ బాగా మాగిన పశువుల ఎరువూ కలిపి, ఒక గుప్పెడు వేపపిండి వేసి నాటండి. కుండీ అయితే 16 అంగుళాలకి తగ్గొద్దు, అడుగున కన్నాలు ధారాళంగా ఉండాలి, నెలకోసారి కన్నాల్లోంచి నీళ్లు పారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వాడితే ముందు రెండు మూడుసార్లు మంచి నీళ్లలో నానబెట్టి పిండండి, దానిలోనే ఉప్పు ఉంటుంది. గవ్వల ఇసుక నేలల్లో లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం, లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి వారానికోసారి రెండు మూడుసార్లు ఆకుల మీద కొట్టండి.

కొనడానికి వెళ్తే కడియపులంక వెళ్లడం మంచిది, రాజమండ్రి దగ్గర హైవే పక్కనే కాబట్టి ఎటు నుంచి వెళ్లినా దారిలోనే పడుతుంది. అక్కడ ఎడ్వర్డ్ అని అడిగితే కొందరికి తెలుస్తుంది, కొందరు నాటు గులాబీ అంటారు, కొందరు పన్నీరు గులాబీ అని తెచ్చిస్తారు, ఆ పేరుతో డమాస్క్‌ని కూడా అంటగడతారు కాబట్టి పేరుని నమ్మొద్దు, పువ్వుని నమ్మండి. ఎండెక్కక ముందే వెళ్లండి, పూసి ఉన్న మొక్కనే అడగండి, సగం విచ్చిన పువ్వు దగ్గర ముక్కు పెట్టండి, వాసన లేకపోతే "ఇంటికెళ్లాక వస్తుందండీ" అన్న మాట వినకండి. అదే మొక్క మీద విచ్చిన పువ్వూ, మొగ్గా, కొత్త చిగురూ మూడూ ఉంటే అది మళ్లీ మళ్లీ పూసే రకమని ఎక్కువ నమ్మకం. మొదలు దగ్గర అంటు ముడి ఉందా సొంత వేరా అన్నది కూడా వంగి చూడండి. నర్సరీ మొక్కల మీద మందులు కొట్టి ఉంటారు, మొదటి విడత పూలు గుల్కంద్‌కి వాడకండి.

ఇంటికొచ్చాక పెద్ద పని ఏమీ లేదు. గట్టి గాలి వీచిన మర్నాడు పొద్దున్నే పైపుతో మంచి నీళ్లు ఆకుల మీద కొట్టి ఉప్పు కడిగేయండి, సాయంత్రం వద్దు, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులొస్తుంది. నల్లమచ్చ కనపడితే రాలిన ఆకులన్నీ ఏరి పారేయడం సగం వైద్యం, మరీ ముదిరితే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరుకి 2 గ్రాములు, అప్పుడు ఆ విడత పూలు నోట్లోకి వెళ్లకూడదు. తామర పురుగులూ పేనుబంకా వస్తే వేపనూనె చాలు. కత్తిరింపు విషయంలో మాత్రం ఉత్తరాది క్యాలెండర్ పట్టుకోవద్దు, అక్టోబరులో కత్తిరించమని వాళ్లు చెప్తారు, మనకి అప్పుడే తుఫాన్లు, లేత చిగురు మీద ఉప్పు గాలి కొడితే మొత్తం మాడిపోతుంది. నవంబరు చివర్లో వానలు తెరిపిచ్చాక కత్తిరిస్తే 45 రోజులకి అటూ ఇటూగా సంక్రాంతికి పూలొస్తాయి. ఎడ్వర్డ్‌ని మొదలంటా నరక్కండి, మూడో వంతు తీసి, ఎండుపుల్లలూ లోపలికి పెరిగే కొమ్మలూ తీసేస్తే చాలు.

అలా కత్తిరించిన కొమ్మల్లో పెన్సిల్ మందం ఉన్నవి పక్కన పెట్టుకోండి. జానెడు ముక్కలుగా, కింద కణుపుకి ఆనుకుని ఏటవాలుగా కోసి, పైన రెండు ఆకులు ఉంచి, సగం ఇసుక సగం కోకోపీట్ ఉన్న కవర్లో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి నీడలో ఉంచండి. పది గుచ్చితే అన్నీ రావు, వచ్చినవి నెలన్నరకి వేరు పడతాయి, లాగి చూడొద్దు, కవరు కింద కన్నంలోంచి తెల్లటి వేరు కనిపించినప్పుడే మార్చండి. మీ రెండో మొక్క అక్కడి నుంచే తీసుకోండి, మిగిలినవి పక్కింటివాళ్లకి ఇచ్చి ఉంచండి, ఒక తుఫానుకి మీ మొక్క పోయినా వాళ్ల దగ్గర్నుంచి కొమ్మ తెచ్చుకోవచ్చు.